గట్లూ గుంటలూ దాటుకుంటూ...

పరుగు పందెం అనగానే మనకు కళ్ళముందు కనిపించేదేమిటి? తెల్లగీతలు గీసిన ఎర్రటి ట్రాకు, తుపాకీ చప్పుడు, పది సెకన్లో పదకొండు సెకన్లో... అంతే, అయిపోయింది. టీవీలో ఒలింపిక్స్ చూస్తూ, పొయ్యి మీది కూరలో ఉప్పు వేసి వచ్చేలోపల అక్కడ పతకాలు మెడలో వేసేస్తుంటారు.

ఇప్పుడు నేను చెప్పబోయే పరుగు అలాంటిది కాదు. దీనికి ట్రాకు ఉండదు. గీతలుండవు. గడ్డి, బురద, గుట్ట, వాగు, దుక్కి దున్నిన నేల... ఏది అడ్డం వస్తే అది దాటుకుంటూ పోవడమే. వాన పడితే ఆపరు. మంచు కురిసినా ఆపరు. జారిపడితే లేచి మళ్ళీ పరుగెత్తాలి. మోకాళ్ళదాకా రొచ్చు, మొహం నిండా బురద చుక్కలు. గెలిచినమ్మాయినీ ఓడినమ్మాయినీ పక్కపక్కన నిలబెడితే ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. దీన్నే క్రాస్ కంట్రీ అంటారు. ఇందులో ప్రపంచ ఛాంపియన్ షిప్ పోటీలున్నాయని, 1973 నుంచీ క్రమం తప్పకుండా జరుగుతున్నాయని మనలో చాలామందికి తెలియదు. క్రికెట్ ఆడని దేశాలు కూడా ప్రపంచంలో ఉన్నాయన్న సంగతే మన పేపర్ల ఆటల పేజీ అప్పుడప్పుడు మర్చిపోతుంటుంది. ఇక దీని గురించి ఏం రాస్తారు చెప్పండి!

నాకు ఈ పరుగంటే ఆసక్తి కలగడానికి కారణం ఆట కాదు. ఇందులో ఆడవాళ్ళను ఎంతదూరం పరుగెత్తనిచ్చారు, ఎప్పుడు పరుగెత్తనిచ్చారు అన్న లెక్క. ఆ లెక్క తీస్తూ పోతే కథల మీద కథలు బయటపడ్డాయి.

కాగితాల వేట

ఈ ఆట పుట్టింది ఇంగ్లండు బడుల్లో. 19వ శతాబ్దంలో అక్కడి హాస్టళ్ళల్లో ఉండే మగపిల్లలు ఒక ఆట ఆడేవారు. ఇద్దరు పిల్లలు కుందేళ్ళు. వాళ్ళు సంచినిండా చించిన కాగితం ముక్కలు తీసుకుని ముందు బయల్దేరతారు. పొలాలకడ్డంపడి పోతూ దారిపొడుగునా ఆ ముక్కలు జల్లుకుంటూ పోతారు. కాసేపాగి మిగిలినవాళ్ళు, అంటే వేటకుక్కలన్నమాట, ఆ కాగితాల జాడ పట్టుకుని వెంటపడతారు. అచ్చంగా మన దొంగా పోలీసే, కాకపోతే మైళ్ళ తరబడి. ఆ ఆట కాస్తా పెద్దవాళ్ళ క్లబ్బుల్లోకి వచ్చి, 1903లో అంతర్జాతీయ పోటీ అయి కూర్చుంది. స్కాట్లండులో హామిల్టన్ పార్కు అనే గుర్రపుపందాల మైదానంలో ఆ ఏడాది మార్చిలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ జట్లు పోటీపడ్డాయి. ఆల్ఫ్రెడ్ ష్రబ్ అనే ఇంగ్లీషాయన గెలిచాడు. 1907లో ఫ్రాన్సు కూడా వచ్చి కలిసింది. అందరూ మగవాళ్ళే. అది చెప్పక్కర్లేదనుకోండి.

ఒలింపిక్స్‌లో కూడా ఈ పరుగు కొన్నాళ్ళుండేది. 1924 పారిస్ ఒలింపిక్స్‌తో దానికి మంగళం పాడారు. ఎందుకంటే ఆ రోజు ఎండ మంటలు మండిపోయింది. 38 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 15 మంది. మిగతావాళ్ళు దారిలోనే కూలబడ్డారు. ఫిన్లండుకు చెందిన పావో నుర్మి మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి గెలిచి వెళ్ళిపోయాడు. మగవాళ్ళు అంతమంది సొమ్మసిల్లి పడిపోతే క్రాస్ కంట్రీనే తీసేశారు గానీ, మగవాళ్ళు పరుగెత్తడానికి పనికిరారని ఎవరూ అనలేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నాలుగేళ్ళ తర్వాత 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె గెలిచింది. పరుగు ముగిశాక ఒకరిద్దరు అలసి గడ్డిమీద పడుకున్నారు. అంతే! మర్నాడు పత్రికలు గగ్గోలు పెట్టేశాయి. ఆడవాళ్ళు కుప్పకూలిపోయారట, చూడలేని దృశ్యమట, వాళ్ళ శరీరాలు ఇంత శ్రమకు తట్టుకోలేవట! ఆ వంకతో 800 మీటర్ల పరుగును ఆడవాళ్ళకు లేకుండా చేశారు. మళ్ళీ పెట్టింది 1960 రోమ్ ఒలింపిక్స్‌లో. ముప్ఫైరెండేళ్ళు! ఒక తరం పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళయి, తల్లులయ్యేంత కాలం.

800 మీటర్లంటే ఎంతండీ? మా ఇంటినుంచి కూరగాయల మార్కెట్టుకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. వచ్చేటప్పుడు రెండు చేతుల్లో రెండు సంచులు కూడా ఉంటాయి.

ట్రాకు ఎక్కనివ్వని పిల్ల

క్రాస్ కంట్రీలో ఆడవాళ్ళ అంతర్జాతీయ పోటీ 1931లో ఫ్రాన్సులోని డూయే ఊళ్ళో ఒకటి జరిగింది. ఇంగ్లండుకు చెందిన గ్లాడిస్ లన్ గెలిచింది. కానీ అది అధికారిక పోటీ కాదు. తర్వాత కూడా ఎప్పుడో ఒకటి, ఎప్పుడో ఒకటి జరుగుతూ వచ్చాయి. మగవాళ్ళ పోటీలతోపాటు ఆడవాళ్ళకూ అధికారికంగా పరుగు పెట్టింది 1967 మార్చిలో, వేల్స్‌లోని బారీ పట్టణంలో. మగవాళ్ళు మొదలుపెట్టిన అరవైనాలుగేళ్ళకన్నమాట.

అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో కాథరీన్ స్విట్జర్ అనే అమ్మాయి పరుగెత్తుతుంటే, పోటీ నిర్వాహకుడొకాయన వెనకనుంచి వచ్చి ఆమె ఛాతీమీదున్న నంబరు గుడ్డ లాగేయబోయాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. నెల ముందు బారీలో బురదలో పరుగెత్తిన ఆడపిల్లల ఫోటోలు మాత్రం ఎవరికీ గుర్తులేవు. గొడవ జరిగితేనే గదా వార్త!

బారీలో గెలిచినామె డోరిస్ బ్రౌన్, అమెరికన్. ఆమె హైస్కూల్లో చదివేటప్పుడు స్కూలు ట్రాకుమీద ఆడపిల్లలు పరుగెత్తకూడదని ఆమెను రానివ్వలేదు. స్కూలు మనదే, ట్రాకు కనబడుతూనే ఉంటుంది, కానీ అడుగు పెట్టకూడదు. ఆమె ఊరుకుందా? బయట ఒక క్లబ్బులో చేరి పరుగు నేర్చుకుంది. 1966లో నాలుగు గోడల మధ్య జరిగే ఇండోర్ పోటీల్లో అయిదు నిమిషాల్లోపు మైలు పరుగెత్తిన మొదటి స్త్రీ అయింది. 1967 నుంచి 1971 దాకా వరసగా అయిదేళ్ళు అంతర్జాతీయ క్రాస్ కంట్రీ గెలుస్తూనే ఉంది. ట్రాకు ఎక్కొద్దన్నారు కదా, ట్రాకే లేని పరుగులో రాణి అయి కూర్చుంది!

అయినా ఆమె అసలు బలమంతా దూరంలో ఉంది. ఎంత దూరం పెడితే అంత బాగా పరుగెత్తగలదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకున్న అతి పొడుగు పరుగేమో 800 మీటర్లు. దాంట్లోనే పరుగెత్తి అయిదో స్థానంలో వచ్చింది. పదిమందికి వండగలిగినావిడకు కాఫీ మాత్రం పెట్టవమ్మా అన్నట్టుంది కదూ!

నాలుగు కిలోమీటర్లు... ఆరు... ఎనిమిది...

1973లో ఈ పోటీలను అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య తన చేతిలోకి తీసుకుని ప్రపంచ క్రాస్ కంట్రీ ఛాంపియన్ షిప్ అని పేరు పెట్టింది. మొదటిది బెల్జియంలోని వారెగెమ్‌లో. ఆడవాళ్ళలో ఇటలీకి చెందిన పావోలా పిన్యీ గెలిచింది. అప్పుడు మగవాళ్ళ దూరం 12 కిలోమీటర్లు. ఆడవాళ్ళకు 4. మూడోవంతు! ఏ లెక్కన మూడోవంతు అని ఎవరూ అడగలేదు కాబోలు. 1990లు వచ్చేసరికి అది 6 కిలోమీటర్ల చుట్టుపక్కలకు చేరింది. 1998లో 8 అయింది. అప్పటికి మగవాళ్ళు 12 దగ్గరే ఉన్నారు. ఇద్దరికీ ఒకే దూరం, 10 కిలోమీటర్లు పెట్టింది ఎప్పుడో తెలుసా? 2017లో, ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన పోటీల్లో. నిన్నగాక మొన్న!

కంపాలాలో ఆడవాళ్ళ దూరం పెంచినందుకు ఆకాశమేమీ విరిగిపడలేదు. ఎవరూ కుప్పలు తెప్పలుగా మూర్ఛపోలేదు. పైగా కెన్యా ఆడపిల్లలు మొదటి ఆరు స్థానాలూ వాళ్ళే తీసుకుని పోయారు, ఒక్కటీ ఎవరికీ మిగల్చకుండా!

మధ్యలో గ్రెటె వైట్స్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ దండగ. నార్వేలో బడిపంతులమ్మ ఆమె. 1978లో గ్లాస్గోలో ప్రపంచ క్రాస్ కంట్రీ మొదటిసారి గెలిచింది. తర్వాత 1979, 1980, 1981, మళ్ళీ 1983. మొత్తం అయిదు. కొన్నిసార్లు ఆమె గెలుపు రేఖ దాటి ఊపిరి తీసుకుంటుండగా, రెండో అమ్మాయి దూరంగా ఎక్కడో వస్తూ కనిపించేదట.

1978లోనే ఆమె భర్త జాక్, న్యూయార్కులో మారథాన్ ఉంది, సరదాగా చూసొద్దాం రమ్మన్నాడు. మారథానంటే 42 కిలోమీటర్ల పైచిలుకు. అంతవరకు ఆమె ఒక్కసారిగా 20 కిలోమీటర్లకు మించి పరుగెత్తి ఎరగదు. వెళ్ళింది, పరుగెత్తింది, గెలిచింది. అప్పటివరకూ ప్రపంచంలో ఏ స్త్రీ పరుగెత్తనంత వేగంగా, 2 గంటల 32 నిమిషాల 30 సెకన్లలో! చివరి మైళ్ళలో కాళ్ళు నరకం చూపిస్తుంటే మొగుణ్ణి తిట్టుకుంటూ పరుగెత్తిందట. గీత దాటాక బూట్లు విప్పి అతనిమీదకు విసిరికొట్టిందట కూడా. ఈ భాగం చదివినప్పుడు నాకు ఆవిడ మరీ మరీ నచ్చేసింది. మళ్ళీ ఈ జన్మలో మారథాన్ జోలికి రానన్న మనిషి, న్యూయార్కులోనే మొత్తం తొమ్మిదిసార్లు గెలిచింది. బురదలో గట్టిపడ్డ కాళ్ళకు రోడ్డు ఒక లెక్కా?

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మనందరికీ పి.టి.ఉష వల్ల గుర్తు. సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం జారిపోయిన రోజు ఎంతమంది ఉసూరుమన్నారో! ఆడవాళ్ళకు మొట్టమొదటిసారి మారథాన్ పెట్టింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే. గ్రెటెకు రజతం వచ్చింది. 2011లో కాన్సరుతో చనిపోయింది.

గాలికుంటు తెచ్చిన బురద

పాలా రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లండు అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. 1992లో బోస్టన్‌లో మంచులో జరిగిన పోటీల్లో జూనియర్ల విభాగంలో గెలిచింది. పెద్దవాళ్ళలోకి వచ్చాక మాత్రం గెలుపు అందలేదు. 1997లో రెండు, 1998లో మళ్ళీ రెండు. చివరిదాకా ముందుండి లాక్కురావడం, ఆఖరి పరుగులో ఇంకెవరో దాటిపోవడం! ఇది ఇంతేనా అనుకున్నారంతా.

2001 పోటీలు ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో జరగాలి. ఆ ఏడు బ్రిటన్, ఐర్లండుల్లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చింది. మన పల్లెల్లో పశువులున్న ఇళ్ళవాళ్ళకు ఈ పేరు చెబితే చాలు, గుండె గుభేలుమంటుంది. గిట్టల మట్టితో, మనుషుల చెప్పులతో కూడా అంటుకునే జబ్బు. దేశదేశాల జనం వచ్చి పచ్చికలో పరుగెత్తితే ఇంకేమన్నా ఉందా? దాంతో డబ్లిన్ చేతులెత్తేసింది. ఆఖరి నిమిషంలో బెల్జియంలోని ఆస్టెండ్ అనే సముద్రతీరపు ఊరికి మార్చారు. అక్కడి గుర్రపుపందాల మైదానం వానకు తడిసి ఊడుపు మడిలా తయారై ఉంది. అడుగు వేస్తే కాలు పైకి రానంత రొచ్చు. ఎత్తు ప్రదేశాల గట్టి నేలమీద పరుగెత్తి అలవాటైనవాళ్ళకు అది గడ్డు పరీక్షే. ఆ బురదలో పాలా, ఇథియోపియాకు చెందిన గెటె వామి చివరిదాకా పక్కపక్కనే వచ్చారు. ఆఖరి పరుగులో గెటెయే గెలుస్తుందని అందరూ అనుకుంటుంటే పాలా దాటేసింది! పశువుల జబ్బు పుణ్యమా అని బురద దొరికి, బురద పుణ్యమా అని బంగారం దొరికిందన్నమాట. మరుసటి ఏడు డబ్లిన్‌లోనే మళ్ళీ గెలిచింది.

రెండో స్థానం అంటే మరొకరు గుర్తొస్తున్నారు. ఐర్లండులో కావన్ అనే పల్లెప్రాంతం పిల్ల కాథరీనా మెకీర్నన్. 1992లో రెండు, 1993లో రెండు, 1994లో రెండు, 1995లో రెండు! ఏటా ఎవరో ఒక కొత్తమ్మాయి వచ్చి ఆమెను దాటిపోయేది. నాలుగుసార్లూ వేరువేరు మనుషులే. ప్రపంచమంతటిలో నాలుగేళ్ళు వరసగా రెండో స్థానంలో నిలవడం కంటే నిలకడ ఏముంటుంది? గెలిచిన నలుగురిలో ఎవరూ ఆ నాలుగేళ్ళూ ఆమెలా పతకాల వరసలో నిలవలేదు. 1998లో లండన్ మారథాన్ గెలిచింది లెండి, ఆ దిగులు తీరేలా.

నాలుగోసారి ఆమెను దాటిపోయినామె కథ ఇంకా బాగుంటుంది. ఇంగ్లండులోని డరమ్, 1995 మార్చి. దెరార్తు తులు అనే ఇథియోపియా అమ్మాయి పోటీకి బయల్దేరింది. దారిలో ఏథెన్స్ విమానాశ్రయంలో ఇరుక్కుపోయింది. ఒక రోజంతా అక్కడే, కంటిమీద కునుకు లేకుండా! ఎలాగో డరమ్ చేరేసరికి పందేనికి గంట టైముంది. మనమైతే ఏం చేస్తాం? రాత్రంతా రిజర్వేషను లేని రైల్లో కూర్చుని వచ్చి, దిగగానే పెళ్ళివారింట్లో వంద విస్తళ్ళు వడ్డించమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. (ఆ పని చేసినవాళ్ళు ఈ పేజీ చదివేవాళ్ళలో బోలెడంతమంది ఉంటారని నాకు తెలుసు.) ఆ అమ్మాయి బూట్లు తొడుక్కుని గీతమీద నిలబడింది. గెలిచింది.

దెరార్తుది ఇథియోపియాలో అర్సి ప్రాంతంలోని బెకోజీ. కొండల మీది చిన్న ఊరు. చిన్నప్పుడు పశువులు కాసింది. అక్కడ సెంతాయెహు ఎషెతు అనే బడిపంతులు పిల్లలకు పరుగు నేర్పేవాడు. ఆ ఒక్క ఊరినుంచీ, ఆ ఒక్క మేష్టారి చేతికిందనుంచీ ఎంతమంది ఒలింపిక్ విజేతలు వచ్చారో! 1992 బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ స్త్రీ దెరార్తే. 1998లో కూతురు పుట్టింది. ఇక ఆమె పని అయిపోయిందనుకున్నారు. 2000లో తిరిగొచ్చి పోర్చుగల్‌లో ప్రపంచ క్రాస్ కంట్రీ మూడోసారి గెలిచింది. అదే ఏడు సిడ్నీలో రెండో ఒలింపిక్ స్వర్ణం. 2018లో తన దేశపు అథ్లెటిక్ సమాఖ్యకు అధ్యక్షురాలయింది. పిల్లలు పుట్టాక పరుగేమిటి అన్నవాళ్ళకు ఈ కథ ఒక్కటి చాలదూ?

మన దేశంలో ఈ పరుగుకు అంత పేరు రాలేదు గానీ, దూరం పరుగెత్తే ఆడపిల్లలు మనకూ ఉన్నారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10,000 మీటర్లలో స్వర్ణం కేరళలోని ఇడుక్కి కొండల ప్రాంతపు ప్రీజా శ్రీధరన్‌ది, రజతం నాసిక్ దగ్గరి గిరిజన గ్రామం పిల్ల కవితా రౌత్‌ది. ఇద్దరూ కొండదారుల్లో నడిచి పెరిగినవాళ్ళే. మన ఊళ్ళల్లో మాత్రం ఆగస్టు పదిహేనుకు ఆడవాళ్ళకు పోటీలంటే ఇప్పటికీ ముగ్గులు, కుర్చీలాట, నిమ్మకాయా స్పూనూ. నిమ్మకాయ పడకుండా మెల్లగా నడవడంలో మనవాళ్ళను కొట్టేవాళ్ళు లేరు!

వంటపని ఎవరిది?

2007లో పోటీలు కెన్యాలోని మొంబాసాలో పెట్టారు. ప్రపంచంలోకెల్లా మేటి పరుగువాళ్ళున్న దేశం, సొంతగడ్డ. కానీ ఒక చిక్కుంది. కెన్యా, ఇథియోపియా అమ్మాయిలంతా రెండువేల మీటర్ల పైనుండే చల్లటి కొండప్రాంతాలవాళ్ళు. మొంబాసా హిందూమహాసముద్రం ఒడ్డునుంది. మార్చినెల, ఎండ, ఉక్కపోత. బందరులోనో కాకినాడలోనో ఉన్నవాళ్ళకు ఆ ఉక్క ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు రెండేళ్ళూ గెలిచిన ఇథియోపియా పిల్ల తిరునెష్ దిబాబా కూడా చివరికొచ్చేసరికి ఆ వేడికి నీరసించిపోయి రెండో స్థానంతో సరిపెట్టుకుంది. గెలిచింది లోర్నా కిప్లగట్. పుట్టింది కెన్యాలోనే గానీ అప్పటికి నెదర్లండ్స్ పౌరురాలు.

లోర్నా గెలుపుకంటే నాకు ఆమె చేసిన ఇంకో పని ముఖ్యమనిపిస్తుంది. కెన్యాలో అథ్లెట్లు కలిసి ఉండి శిక్షణ పొందే శిబిరాలుంటాయి. ఆడా మగా కలిసి ఉన్న శిబిరాల్లో, పొద్దున్నే అందరూ సమానంగా పరుగెత్తి వస్తారు. వచ్చాక మగవాళ్ళు విశ్రాంతి తీసుకుంటారు. ఆడపిల్లలేమో వంట, గిన్నెలు, బట్టలు! అలసిన కాళ్ళకు విశ్రాంతి కూడా శిక్షణలో భాగమేనని, అది ఇవ్వకుండా పతకాలు తెమ్మంటే ఎలాగని లోర్నా అడిగింది. అడిగి ఊరుకోకుండా, పరుగులో గెలిచిన డబ్బుతో ఇటెన్ అనే కొండ ఊళ్ళో ఆడపిల్లలకోసం శిబిరం కట్టింది. అక్కడ వాళ్ళ పనల్లా పరుగెత్తడం, తినడం, నిద్రపోవడం. ఎంత హాయి! చదువుతుంటే నాకూ ఓ వారంరోజులు వెళ్ళి ఉండాలనిపించింది, పరుగెత్తకపోయినా సరే.

అయితే అదే ఇటెన్ ఊళ్ళో జరిగిన మరో సంగతీ చెప్పాలి.

2015లో చైనాలోని గుయాంగ్‌లో పోటీలు గెలిచినమ్మాయి ఆగ్నెస్ తిరోప్. పందొమ్మిదేళ్ళు. ఇంత చిన్నవయసులో గెలిచినవాళ్ళలో జోలా బడ్ తర్వాత ఈమే. తర్వాత ప్రపంచ ఛాంపియన్ షిప్ పోటీల్లో రెండు కంచు పతకాలు తెచ్చుకుంది. 2021 సెప్టెంబరులో జర్మనీలో, ఆడవాళ్ళు మాత్రమే పాల్గొనే 10 కిలోమీటర్ల రోడ్డు పరుగులో ప్రపంచరికార్డు సాధించింది. 30 నిమిషాల 1 సెకను. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 13న, ఇటెన్‌లోని తన ఇంట్లో కత్తిపోట్లతో శవమై కనిపించింది. భర్తమీద హత్యకేసు పెట్టారు. ఇరవైఆరో పుట్టినరోజుకు అప్పటికి పదిరోజులుంది.

2024 సెప్టెంబరులో ఉగాండాకు చెందిన రెబెకా చెప్తెగె... పారిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తి ఇంటికొచ్చి నెల కాలేదు. ఒకప్పుడు ఆమెతో కలిసి బతికిన మగాడు పెట్రోలు పోసి నిప్పంటించాడు. నాలుగురోజులు ఆస్పత్రిలో కొట్టుకుని పోయింది. గొడవకు మూలం ఆమె కొనుక్కున్న స్థలం, కట్టుకున్న ఇల్లు అని వార్తలొచ్చాయి.

కిరసనాయిలు వాసన మన వార్తల్లో ఎన్నేళ్ళుగా ఉందో మనకు తెలుసు. మన దగ్గర, తీసుకురాలేదని తగలబెట్టారు. అక్కడ, సంపాదించుకొచ్చిందని తగలబెట్టారు. ఆడపిల్ల సొంతకాళ్ళమీద నిలబడితే అన్నీ సర్దుకుంటాయని మనం ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం కదా! ఈ అమ్మాయిలకంటే సొంతకాళ్ళమీద నిలబడ్డవాళ్ళెవరు? పరుగులో వచ్చిన డబ్బు ఎవరి పేరున బ్యాంకులో పడుతోంది, భూమి ఎవరి పేరున రిజిస్టరవుతోంది, కోచ్‌నని దగ్గరచేరినవాడు రేపు ఏమవుతాడు... ఇవన్నీ పరుగుకంటే కష్టమైన ప్రశ్నలని అక్కడి అథ్లెట్లకు ఆగ్నెస్ పోయాక తెలిసొచ్చింది. ఆమె స్నేహితురాళ్ళు, తోటి పరుగువాళ్ళు కలిసి తిరోప్స్ ఏంజెల్స్ అనే సంస్థ పెట్టారు. ఇంట్లో హింస పడుతున్న అమ్మాయిలు వచ్చి చెప్పుకోవడానికి ఒక చోటు. పోటీల్లో ఒకరినొకరు దాటిపోవాలని చూసేవాళ్ళే అందులో పక్కపక్కన కూర్చుంటున్నారు.

గీతకు నాలుగడుగుల ఇవతల

చివరగా 2023 ఫిబ్రవరి, ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్. 2021లో జరగాల్సింది కరోనా వల్ల రెండేళ్ళు వాయిదాపడ్డ పోటీ. కార్ల పందాలకు పేరుపడ్డ కొండ అది. ద్రాక్షతోట మధ్యనుంచి కూడా దారి వేశారు. ఎండాకాలం, సెగలు.

ముందున్నది ఇథియోపియాకు చెందిన లెతెసెన్‌బెత్ గిదె. ఈ అమ్మాయిది తిగ్రే ప్రాంతం. చిన్నప్పుడు బళ్ళో డ్రిల్లు పీరియడులో పరుగెత్తనంటే పరుగెత్తనని మొండికేస్తే బళ్ళోంచి పంపించేశారట! డోరిస్ బ్రౌన్‌ను పరుగెత్తొద్దని ట్రాకు ఎక్కనివ్వకపోతే, యాభై అరవయ్యేళ్ళ తర్వాత ఈ పిల్లను పరుగెత్తలేదని వెళ్ళగొట్టారు. కాలం ఎంత తిరిగిందో చూడండి. అలాంటి పిల్ల తర్వాత 5,000, 10,000 మీటర్లలో ప్రపంచరికార్డులు బద్దలుకొట్టింది.

ఆఖరి కిలోమీటరులో అందరినీ వదిలించుకుని ఒక్కతే వస్తోంది. చివరి ఎత్తు ఎక్కేసరికి కాళ్ళు తడబడుతున్నాయి. వెనకనుంచి కెన్యా అమ్మాయి బియాట్రిస్ చెబెట్ దూసుకొచ్చి దాటేసింది. ఆ మరుక్షణమే గిదె కుప్పకూలింది. గెలుపు రేఖ ఎదురుగా కనిపిస్తూనే ఉంది. లేవబోయింది, మళ్ళీ పడింది. చూడలేక ఒకాయన కంచె దాటి పరుగెత్తుకొచ్చి రెండు చేతులా లేపాడు. ఆమె ఎలాగో గీత దాటింది. కానీ బయటివాళ్ళ సాయం తీసుకోకూడదన్నది నియమం. ఆమెను లెక్కలోంచి తీసేశారు.

గెలిచిన చెబెట్ మరుసటి ఏడు బెల్‌గ్రేడ్‌లోనూ గెలిచింది. ఆడవాళ్ళలో 10,000 మీటర్లను 29 నిమిషాల్లోపు, 5,000 మీటర్లను 14 నిమిషాల్లోపు పరుగెత్తిన మొదటి మనిషి కూడా ఆమే. అదంతా పేపర్లలో వచ్చింది.

రానిది ఒకటుంది. ఈ పోటీల్లో ఒక్కొక్కరి గెలుపుతోపాటు జట్టు గెలుపు కూడా ఉంటుంది. దేశానికి ఆరుగురు పరుగెత్తొచ్చు. అందులో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళది గెలుపు. అంటే మొదటొచ్చిన అమ్మాయి ఎంత ముఖ్యమో నాలుగో అమ్మాయీ అంతే ముఖ్యం. ఆమె దారిలో ఒక్కొక్కర్ని దాటినప్పుడల్లా జట్టు లెక్కలో ఒక్కొక్క అంకె తగ్గుతుంది. కెమెరాలు మాత్రం ముందున్న ముగ్గురిమీదే ఉంటాయి.

బాథర్స్ట్‌లో గిదె పోయాక ఇథియోపియా లెక్క ఆమె లేకుండానే వేశారు. బాగా వెనకొస్తున్న వాళ్ళ జట్టు అమ్మాయిలకు ముందు ఏం జరిగిందో తెలిసే అవకాశం తక్కువ. కొండ అవతలుంటే గీత దగ్గర ఎవరు పడ్డారో, ఎవరు లేచారో ఎలా కనిపిస్తుంది? ఆ ఎండలో, ఆ ఎత్తుల్లో, దొరికిన ప్రతి మనిషినీ దాటుకుంటూ వచ్చారు. నలుగురి స్థానాలూ కూడితే రెండో స్థానం. జట్టుకు రజతం.